కృశించిన మధుమేహికి కండబలము

ధర్మవరములో పట్టుమగ్గము నేయు మా బావగారు గత మాసము హిందూపురము వచ్చినపుడు నన్నొక ప్రశ్న అడిగిరి: "షుగరు వచ్చినప్పటినుంచి చొక్కాలన్నీ వదులైపోయినాయప్పా. ఒళ్లు పట్టేదానికి ఏదన్నా లేహ్యం చెప్పు."

ఆరేండ్ల క్రిందట నేనును ఇదే ప్రశ్నతో తిరిగితిని. నేను బెల్లపు మండీలో లెక్కలు వ్రాయువాడను. మధుమేహము బయటపడునాటికే 62 కిలోల నుండి 53 కిలోలకు తగ్గియుంటిని. బంధువులు ప్రేమతో చిమ్మిలి, సున్నుండలు, లేహ్యము పెట్టిరి. చక్కెరవలె బెల్లము చెరుపు చేయదని నేనును నమ్మితిని. తుదకు దాహము హెచ్చి, మరి 2 కిలోలు తగ్గితిని.

తిన్నది ఒంటికి పట్టవలెనన్న ఇన్సులిన్ ఉండవలెను. అది చాలనపుడు రక్తములోని చక్కెర కణములలో చేరక మూత్రమున పోవును. శరీరము తన కొవ్వును, కండను తానే కరిగించుకొనును. ఆ స్థితిలో తిండి పెంచుట చిల్లికుండలో నీరు పోయుటయే.

శాస్త్రము చెప్పినది

చరకసంహిత చికిత్సాస్థానమున ప్రమేహరోగులు రెండు విధములుగా చెప్పబడిరి. స్థూలుడై బలము గలవాడొకడు, కృశించి దుర్బలుడైనవాడు మరియొకడు. మొదటివానికి శోధనము, రెండవవానికి బృంహణము, అనగా పోషణము విధింపబడినది. సుశ్రుతుడు ప్రమేహికి బావి త్రవ్వుటవంటి శ్రమను చెప్పుచునే, కృశుని మాత్రము ఎల్లపుడు కాపాడవలెననెను. కావున లావుపాటి రోగికి చెప్పు ఉపవాసములను బక్కచిక్కినవారు అనుసరింపరాదు.

మొదటి మెట్టు: చక్కెర అదుపు

కోరకయే బరువు తగ్గుచున్నచో ముందు వైద్యుని చూడవలెను. మూడు మాసముల సగటు చక్కెర, థైరాయిడ్, మూత్రపిండములు, క్షయ మొదలగు పరీక్షలు వారు చేయింతురు. 1922 జనవరిలో టొరంటో నగరమున 14 ఏండ్ల లియోనార్డ్ థాంప్సన్ అను బాలునికి మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చిరి. ఎముకల గూడువలెనున్న ఆ బాలుడు దానితో తేరుకొనెను. నాకును ఇన్సులిన్ మొదలైన పిమ్మటనే తిన్నది ఒంట పట్టినది.

రెండవ మెట్టు: ఆహారము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సూచనల ప్రకారము పెద్దలకు కిలో బరువునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 55 కిలోలవారికి ఇది సుమారు 46 గ్రాములు. ఇవి మన సీమలో సులభముగా దొరకును. 100 గ్రాముల వేరుసెనగపప్పులో సుమారు 25, ఉలవలలో సుమారు 22, ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములుండును. రాగి సంకటి ముద్దను చిన్నదిగా చేసి, పప్పు, ఉలవగుగ్గిళ్లు, పెరుగు పెంచవలెను. సాయంకాలము గుప్పెడు వేరుసెనగపప్పు తినవచ్చును. మూత్రపిండముల జబ్బున్నవారు వైద్యుని అడిగిన పిమ్మటనే మాంసకృత్తులు పెంచవలెను.

మూడవ మెట్టు: వ్యాయామము

భుజించిన పిమ్మట రక్తములోని చక్కెరను అధికముగా గ్రహించునది కండయే. నడక మంచిదే, కాని కండ పెరుగుటకు బరువు మోయవలెను. కుర్చీలోనుండి చేతులు ఆనించక లేచి కూర్చుండుట, గోడను నెట్టుట, నీరు నింపిన రెండు లీటర్ల సీసాలను ఎత్తుట ఒక్కొక్కటి 10 పర్యాయములు, రెండు విడతలుగా చేయవలెను. దినము విడిచి దినము, వారమునకు మూడుమార్లు చాలును. ఊపిరి బిగబట్టరాదు. కంటిపొర, గుండె జబ్బు, పాదముల పుండ్లు ఉన్నవారు ముందుగా వైద్యుని అనుమతి పొందవలెను.

ఇందు నేను చేసిన తప్పు మీరు చేయవలదు. ఒక ఆదివారము ఇన్సులిన్ తీసికొని, పలుచని మజ్జిగ మాత్రము త్రాగి, పెనుకొండ కోట చూడ కొండనెక్కితిని. సగము దూరమున చేతులు వణికి, చెమటలు పట్టి, కన్నులు మసకబారినవి. జేబులోని బెల్లపు ముక్కయే నన్ను నిలబెట్టినది. ఏ బెల్లము నన్ను కృశింపజేసెనో అదియే ఆనాడు మందైనది! చక్కెర 70 కంటె తగ్గినచో 15 గ్రాముల గ్లూకోజు గాని, మూడు చెంచాల చక్కెర గాని నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషములకు మరల పరీక్షించుకొనవలెను.

లేహ్యముల మాట

లేహ్యములలో పెక్కింటికి బెల్లమో, చక్కెరయో ఆధారము. అశ్వగంధ చూర్ణము చక్కెరను తగ్గించి, మీరు వాడు మందులకు తోడు కావచ్చును. థైరాయిడ్, కాలేయము చెడినవారికి అది తగదు. వైద్యునికి చెప్పక వాడవలదు. దానిని నమ్మి ఇన్సులిన్ మానుట ప్రాణాపాయము.

బావగారికి నేను లేహ్యము చెప్పలేదు. వెంటబెట్టుకొని రక్తపరీక్షకు తీసికొనిపోతిని. పరగడుపు చక్కెర 280 దాటియుండెను. వైద్యులు ఇన్సులిన్ మొదలుపెట్టిరి. చొక్కాలు ఇంకను వదులే. కాని రాత్రి నాలుగుమార్లు లేచుట తప్పినదనియు, మగ్గముకాడ నీరసము తగ్గినదనియు మొన్న కబురు పంపిరి. చిల్లి పూడినది, ఇక కుండ నిండుటకు కొంత కాలము పట్టును.