కుందేలు చంపిన చిలుక

కుందేలు గడ్డి మేసే ప్రాణి గదా, అది చిలుకను చంపడమేమిటని మీకు అనుమానం రావచ్చు. నిజంగా జరిగిన కథే ఇది. జీవశాస్త్ర విద్యార్థిగా నన్ను బాగా ఆలోచింపజేసిన కథ కూడా.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు ఆగ్నేయంగా, సుమారు 1500 కిలోమీటర్ల దూరంలో మక్వారీ అనే దీవి ఉంది. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు అయిదు. చెట్టన్నది మొలవదు. ఎప్పుడూ చలి, వాన, ఈదురుగాలి. పెంగ్విన్లకూ, సీల్ జంతువులకూ మాత్రం అది పుట్టిల్లు. రాయల్ పెంగ్విన్లు ఆ దీవిలోనూ, పక్కనున్న చిన్న దీవుల్లోనూ తప్ప మరెక్కడా గుడ్లు పెట్టవు. చెట్లు లేవు కాబట్టి అక్కడి చిలుక గడ్డి దుబ్బుల్లో నేలమీదే గూడు కట్టుకునేది.

1810లో హాసెల్‌బరో అనే నావికుడు సీల్ తోళ్ల కోసం తిరుగుతూ ఈ దీవిని కనుక్కున్నాడు. రమారమి పదేళ్లలో బొచ్చు సీల్ జాతి అక్కడ తుడిచిపెట్టుకుపోయింది. తర్వాత నూనె కోసం ఏనుగు సీళ్ల వంతు, ఆ తర్వాత పెంగ్విన్ల వంతు. పెంగ్విన్లను బాయిలర్లలో ఉడికించి నూనె తీసే వ్యాపారం 1919 దాకా సాగింది.

వేటగాళ్లతోపాటు ఓడల్లో ఎలుకలూ, పిల్లులూ దిగాయి. అయినా పిల్లులున్న దీవిలోనే చిలుకలు దాదాపు డెబ్భై ఏళ్లు బతికాయి. కారణమేమిటి? చలికాలంలో సముద్ర పక్షులు చాలావరకు వెళ్లిపోతాయి. పిల్లులకు తిండి చాలదు. అందుచేత వాటి సంఖ్య పెరిగేది కాదు. 1870ల్లో వేటగాళ్లు తమ కూర కోసం కుందేళ్లను తెచ్చి వదిలారు. ఇక పిల్లులకు ఏడాది పొడుగునా భోజనమే! పిల్లులు పెరిగాయి. న్యూజిలాండు నుంచి తెచ్చిన వెకా అనే పక్షులూ వాటికి తోడయ్యాయి. ఇరవై ఏళ్లు తిరక్కుండానే చిలుక జాతి అంతరించింది.

మాది వ్యవసాయ కుటుంబం. చేలో జెర్రిపోతు కనిపిస్తే మా నాన్న కొట్టనివ్వడు. "అది పోతే ఎలకల్ని నువ్వు పడతావట్రా?" అంటాడు. మక్వారీ చెప్పేదీ ఆ మాటే.

1978లో కుందేళ్ల మీదికి మిక్సోమా వైరస్‌ను వదిలారు. కుందేళ్లు తగ్గేసరికి పిల్లులు సముద్ర పక్షుల మీద పడ్డాయి. సరే, పిల్లుల్నే తీసేద్దామన్నారు. 2000 నాటికి ఆఖరి పిల్లి పోయింది. అప్పటికి వైరస్ పట్టు కూడా సడలింది. కుందేళ్లు మళ్లీ లక్షకు చేరి గడ్డినంతా కొరికేశాయి. వేళ్ల పట్టు లేక కొండచరియలు విరిగి, 2006లో పెంగ్విన్ల మీద పడ్డాయి.

చివరకు కుందేలు, ఎలుక, చుంచెలుక మూడింటినీ ఒకేసారి నిర్మూలించడానికి పూనుకున్నారు. హెలికాప్టర్లతో విషపు ఎర చల్లారు. దానివల్ల స్కువా, పెట్రెల్ పక్షులూ కొన్ని చచ్చిపోయాయి. మిగిలిన కుందేళ్లను కుక్కల సాయంతో వెదికారు. 2014లో దీవికి వాటి పీడ విరగడైందని ప్రకటించారు.

ఇప్పుడక్కడ గడ్డి మళ్లీ నిలువెత్తు పెరుగుతోంది. దుబ్బుల్లో పక్షులు గూళ్లు పెడుతున్నాయి. చిలుక మాత్రం లేదు. కూర కోసం తెచ్చిన కుందేళ్లను తీసేయడానికి దాదాపు 130 ఏళ్లు పట్టింది; పోయిన చిలుకను తేవడం మాత్రం ఏ శాస్త్రానికీ చేతకాలేదు.