స్టెంట్ అలాగే వదిలేయొచ్చా?

ప్రశ్న: మూత్రనాళంలో రాయిని లేజర్‌తో పగలగొట్టి డీజే స్టెంట్ వేశారు. నెల దాటింది. మూత్రానికి వెళ్లినప్పుడు నడుములో పోటు తప్ప వేరే ఇబ్బంది లేదు. తీయించుకోవాల్సిందేనా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: తీయించుకోవాల్సిందే. లేజర్ తర్వాత నాళం వాస్తుంది. మూత్రం కిడ్నీలో నిలిచిపోకుండా బ్లాడర్ దాకా వేసిన మెత్తటి గొట్టమది. మూత్రం పోసేటప్పుడు కొంత దాని గుండా పైకి ఎగదన్నుతుంది, అందుకే ఆ పోటు. వాపు తగ్గాక దాంతో పనిలేదు. నెలల తరబడి వదిలేస్తే దానిమీదే లవణాలు పేరుకుని రాయి కడుతుంది. అప్పుడు స్టెంట్ కోసమే మళ్లీ ఆపరేషన్! ఇప్పుడైతే మత్తు జెల్లీ వేసి సిస్టోస్కోప్‌తో లాగేస్తారు, నిమిషాల పని. తీయాల్సిన తేదీ డిశ్చార్జ్ కాగితంలో ఉందేమో చూడండి. చలిజ్వరం వస్తే మాత్రం తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.