బ్రేకులో కాలే పెట్రోలు

ఒడిశాలోని సునాబెడ హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. సొంతూరు విజయనగరం పక్కన. పెళ్లికీ చావుకీ పండక్కీ సాలూరు ఘాట్ దిగాల్సిందే, మళ్లీ ఎక్కాల్సిందే. 2021లో మా వైపు పెట్రోలు వంద దాటినప్పటి నుంచీ కాలనీ కుర్రాళ్లది ఒకటే ప్రశ్న: "అంకుల్, మైలేజీ పెరగాలంటే ఏం చెయ్యాలి?" ట్యాంకులో కలిపే మందేదో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటి మందు నాకు దొరకలేదు. దొరికినవి ఇవి.

1. ముందు కొలవండి

మా టెస్ట్ బెడ్ మీద మిగ్ ఇంజిన్ ఎక్కిస్తే ఎంత తాగింది, ఎంత తోసింది, రెండూ కాగితం మీద పడేదాకా ఎవరి మాటా చెల్లేది కాదు. కారుకీ అంతే. డాష్‌బోర్డు చూపించే అంకెను పక్కన పెట్టండి. ట్యాంకు నింపించి, గన్ను మొదటిసారి టక్కుమన్న చోటే ఆపించి, కిలోమీటర్లు రాసుకోండి. తిరిగొచ్చాక అదే బంకులో అలాగే నింపించండి.

మొన్న విశాఖ వెళ్లొస్తే 412 కిలోమీటర్లు, 24.6 లీటర్లు. అంటే లీటరుకి 16.7. లీటరు 103 రూపాయలనుకుంటే కిలోమీటరుకి ఆరు రూపాయల పదిహేను పైసలు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లో చెబితే ఇంట్లో ఎవరికీ పట్టదు. పది కిలోమీటర్లు తిరిగి కొత్తిమీర తెస్తే కట్ట మీద అరవై రూపాయలు పడిందని చెప్పండి, అందరికీ అర్థమవుతుంది.

2. కొండకి కట్టాల్సింది కట్టాలి

సాలూరు మైదానంలో ఉంది. సునాబెడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. మనుషులతో కలిపి పన్నెండు వందల కిలోల కారుని దాదాపు 800 మీటర్లు పైకెత్తాలి. పెట్రోల్లో ఉన్న శక్తిలో ఇంజిన్ చక్రాలకిచ్చేది పావు వంతు అనుకుని లెక్క కట్టాను. రోడ్డు మీద నడవడానికయ్యేది కాక, ఒట్టి ఎత్తడానికే లీటరు పైచిలుకు కావాలి. ఆ లీటరు ఎవరూ తగ్గించలేరు. ఎక్కేటప్పుడు మైలేజీ పడిపోయిందని మెకానిక్ మీద అరవకండి. ఎప్పుడైనా రానూపోనూ కలిపి చూడండి.

తగ్గించగలిగేది బరువు. మా డిక్కీలో రెండేళ్లు తిరిగిన పాత బ్యాటరీ, ఇనప జాకీలు, అరబస్తా బియ్యం కలిపి అరవై కిలోలు. ప్రతిసారీ ఘాట్ ఎక్కిస్తూ ఊరికే మోశాను.

3. ఎక్కిన గేర్లోనే దిగండి

ఇది నా తప్పులోంచి వచ్చిన పాఠం. కార్బొరేటరు మారుతి 800 ఉన్న రోజుల్లో పెట్రోలు కలిసొస్తుందని ఘాట్ మొత్తం నూట్రల్లో దిగేవాణ్ణి. ఒకరోజు సగం దిగేసరికి కాలిన వాసన. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతోంది. హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు కాలవలోకి దింపి ఆపాను. వెనకాలొచ్చిన సాలూరు లారీ డ్రైవరు ఒకాయన దిగి, చక్రానికి రాయి పెట్టాడు. "ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల బాబూ. నూట్రల్ కొడితే బండి నీది కాదు, గాటుది" అన్నాడు.

ఆ పాత బండిలో నూట్రల్ వల్ల నాలుగు చుక్కలు మిగిలేవేమో. ఇప్పటి ఇంజెక్షన్ బండిలో ఆ వంకా లేదు. గేర్లో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, కంప్యూటరు పెట్రోలు సరఫరా ఆపేస్తుంది. నూట్రల్లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండడానికి చుక్కలు పడుతూనే ఉంటాయి. గేర్లో దిగితే పెట్రోలూ మిగులుతుంది, ప్రాణమూ మిగులుతుంది.

ఘాట్ దిగి టీకి ఆగినప్పుడు ముందు చక్రం రిమ్ముకి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. పొయ్యి దగ్గర పెట్టినట్టు సెగ తగిలితే, అది ఎక్కేటప్పుడు మీరు కొండకి కట్టిన పెట్రోలు. తిరిగి తీసుకోవాల్సింది బ్రేకుకి పోశారు.

4. ఘాట్ లేని చోటా అదే లెక్క

బ్రేకు తొక్కిన ప్రతిసారీ ముందే కొన్న పెట్రోలు వేడిగా పోతుంది. రామభద్రపురం జంక్షన్ వంద మీటర్లుందనగా బర్రున తోలి, దగ్గరికొచ్చి బ్రేకు కొట్టేవాళ్లు రెండుసార్లు డబ్బు కడుతున్నారు. ముందు గేదెల మంద కనబడితే అక్కడే కాలు తీసెయ్యండి. మిగ్ ఇంజిన్లో ఆఫ్టర్‌బర్నర్ వెలిగిస్తే తోపు పెరిగేది కొంతే, తాగుడు పెరిగేది రెట్లకు రెట్లు. యుద్ధవిమానానికి ఆ అవసరం ఉంది. సాలూరు బజారులో మనకి లేదు.

వేగమూ అంతే. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80లో ఉన్నదాని కంటే 100లో ఒకటిన్నర రెట్లకు పైమాటే. గజపతినగరం దాటాక రోడ్డు ఖాళీగా ఉందని తొక్కితే మిగిలేది పది నిమిషాలు.

5. గాలి చలికాలంలో చూడండి

విశాఖ ఎండలో 32 పాయింట్లు గాలి పట్టించుకుని, డిసెంబరులో పైకొచ్చారనుకోండి. తెల్లారేసరికి ఇక్కడ చలి పది డిగ్రీల లోపుకి దిగుతుంది. వేడి ఆరు డిగ్రీలు తగ్గితే సుమారు ఒక పాయింటు లెక్కన టైర్లో గాలి తగ్గుతుంది. ఎత్తు వల్ల కాస్త కలిసొచ్చినా రెండు మూడు పాయింట్లు లోటే. మెత్తబడ్డ టైరు రోడ్డుకి అతుక్కుంటూ నడుస్తుంది. పొద్దున్నే, బండి తీయకముందు, ఇంట్లో గేజీతో చూసుకోండి. పంచరు షాపు దాకా నడిపాక చూస్తే టైరు వేడెక్కి తప్పు చెబుతుంది.

6. ప్లగ్గులూ ఫిల్టర్లూ

కార్బొరేటరు రోజుల్లో కింద సర్దిన బండి పైకొస్తే ఇక్కడి పల్చటి గాలికి పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు మసిబారేవి. ఇప్పుడు ఆ సర్దుబాటు కంప్యూటరే చేస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే మైలేజీ కంటే ముందు లాగుడు తగ్గుతుంది. మైలేజీ హఠాత్తుగా పడిపోతే మాత్రం బ్రేకు పట్టేసిందేమో చూపించండి.

7. చల్లని ఇంజిన్ తిండిపోతు

చలి ఉదయం స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఇంజిన్ మామూలు కంటే ఎక్కువ తాగుతుంది. పాలకోసారి, మందులకోసారి, పిల్లాడి ట్యూషన్‌కోసారి తీస్తే ప్రతిసారీ ఆ దండగే. మూడు పనులూ ఒక్క చుట్టులో ముగించండి. పాలకి నడవండి. అలాగని వేడెక్కాలని నిలబెట్టి పది నిమిషాలు ఆన్‌లో ఉంచకండి. నిలబడ్డ బండి మైలేజీ సున్నా. అర నిమిషం ఆగి మెల్లగా కదలండి.

8. ఈ20ని తిట్టే ముందు

2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం నిజమే. నూటికి మూడు నుంచి ఆరు దాకా అని ప్రభుత్వమే పాత బళ్ల గురించి చెప్పింది. ఇరవై తగ్గితే మాత్రం తప్పు పెట్రోల్ది కాదు, పై ఏడు పాఠాలూ మళ్లీ చదవండి.

9. ఎక్కడ నింపాలి

ఆంధ్రలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, ఆపైన లీటరుకి నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. ఒడిశాలో వ్యాట్ 28 శాతం. అందుకే దిగే ముందు ఇక్కడే నింపుకోవడం తెలివి. ఆ కొద్ది రూపాయల తేడా కోసం పని కట్టుకుని సరిహద్దు దాటి రావడం తెలివి కాదు. మొదటి పాఠంలోని లెక్క వేస్తే మీకే తెలుస్తుంది.

మొన్న మా పక్క క్వార్టరు కుర్రాడు సాలూరు నుంచి ఫోన్ చేశాడు. వెనకాల టీ గ్లాసుల చప్పుడు. మైలేజీ ఎంతొచ్చిందో చెబుతాడనుకున్నాను. "అంకుల్, రిమ్ము దగ్గర చెయ్యి పెట్టాను, గోరువెచ్చగా కూడా లేదు" అన్నాడు. మైలేజీ నేను అడగలేదు.