కుట్ల నొప్పి: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి,

అమలాపురంలో సిజేరియన్ అయి రాజోలు పుట్టింటికి బయల్దేరేటప్పుడు చేతిలో పెట్టే మందులు చూసి, పొట్ట కోసిన నొప్పికి ఈ జ్వరం బిళ్లలేమిటని నువ్వూ మీ అమ్మా అనుకుంటారేమోనని ముందే రాస్తున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ఇంతమంది తల్లులు పడే నొప్పి గురించి అరుగు మీద మాటలకన్నా పరీక్షించి తేల్చినదాన్ని నమ్మడం మేలు. 2022లో లాన్సెట్ పత్రిక 47 పరిశోధనలు కలిపి చూసిన ఫలితాలు వేసింది. ఆపరేషనయి ఇంటికెళ్లేవాళ్లకు నల్లమందు జాతి మాత్రలు రాసినా రాయకపోయినా నొప్పి తగ్గడంలో తేడా కనపడలేదు. వాంతులు, మలబద్ధకం, మగత మాత్రం రాసినవాళ్లలోనే ఎక్కువ. అవి ఎక్కువగా చిన్న, మధ్యతరహా ఆపరేషన్ల లెక్కలని ఒప్పుకోవాలి. మొదటి రోజు ఆసుపత్రిలో ఏం ఇవ్వాలో మత్తు డాక్టరు చూసుకుంటారు. నేను రాస్తున్నది ఇంటికొచ్చాక సంగతి.

పారాసెటమాల్ ఎక్కువగా మెదడు దగ్గర పనిచేస్తుంది. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కోసినచోట పుట్టే వాపును, బిడ్డ పాలు తాగినప్పుడల్లా గర్భసంచి ముడుచుకుని లాగే నొప్పిని తగ్గిస్తాయి. దారులు వేరు కాబట్టి రెండూ కలిస్తే బలం పెరుగుతుంది, కానీ నొప్పి ముదిరాక వేసుకుంటే లాభం తక్కువ. గట్టు తెగాక పరిగెత్తేకన్నా ముందే మట్టి వెయ్యాలి. మొదటి రోజుల్లో నొప్పి ఉన్నా లేకపోయినా డాక్టరు చెప్పిన గంటకే వేసుకో. పారాసెటమాల్ రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు, దాటితే కాలేయానికి ముప్పు. జీరోడాల్-పి లోనూ, అల్ట్రాసెట్‌లోనూ 325 మిల్లీగ్రాముల చొప్పున అదే ఉంటుంది. వాటి మీద అదే మందైన డోలో కూడా వేసుకుని, వేరే మందే కదా అనుకునేవాళ్లు బోలెడుమంది. బీపీ, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఆయాసం ఏది ఉన్నా వాపు మాత్రల ముందే డాక్టరుకు చెప్పాలి.

బాలింత మింగిన మందు పాలలో బిడ్డకు పోతుందని పెద్దవాళ్లు అడ్డం పడతారు. భయం న్యాయమైనదే, చూపిస్తున్న మందే తప్పు. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ పాలలోకి వెళ్లేది చాలా స్వల్పం. నల్లమందు జాతివైన ట్రమడాల్, కోడీన్ అలా కాదు; కొందరు తల్లుల ఒంట్లో అవి మరీ ఘాటుగా మారి బిడ్డకు ఊపిరి ఆడకుండా చేయగలవని 2017లో అమెరికా ఔషధ సంస్థ పాలిచ్చే తల్లులు వాడొద్దంది. మరుసటి ఏడాది మన దేశంలోనూ ట్రమడాల్‌ను మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. అలాగని ఆ జాతి మందులన్నీ పాపిష్ఠివి కావు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇవ్వకపోవడమే అన్యాయం. నీకు కూడా మాత్రలకు లొంగని నొప్పి ఉంటే డాక్టరు చూసి, బిడ్డను గమనించమని చెప్పి, ఆ జాతిలోనే వేరే మందు రెండు మూడు రోజులకు రాస్తే తప్పులేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకోవడం, ఆర్‌ఎంపీ చేత సూది వేయించుకోవడం మాత్రం వద్దు.

ఆడది ఓర్చుకోవాలి, మందులు వేడి చేస్తాయి అనేవాళ్లతో నాకు ఎప్పుడూ పడదు. నొప్పికి బిగదీసుకుని పడుకుంటే గుండెలనిండా ఊపిరి తీసుకోలేవు, నడవలేవు. కాన్పయిన వారాల్లో కాళ్లలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం అసలే ఎక్కువ. దగ్గేటప్పుడు, మంచం దిగేటప్పుడు పొట్టకు దిండు అదిమి పట్టుకో, పక్కకు తిరిగి చేతుల మీద లే. మంచినీళ్లు కొలిచి ఇస్తామంటే ఒప్పుకోకు, మలబద్ధకమైతే ముక్కినప్పుడల్లా కుట్లు లాగుతాయి. పప్పు తింటే చీము పడుతుందన్న మాటకు ఆధారం లేదు, గాయం మానడానికి ఆ మాంసకృత్తులే కావాలి. నొప్పి తగ్గుతూ వచ్చి మళ్లీ పెరిగినా, జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడి తడి కనపడినా, ఒక పిక్క వాచినా, ఎర్రబట్ట ఎక్కువైనా ఇంకో మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూడొద్దు. అప్పటికప్పుడు బండి కట్టించుకుని ఆసుపత్రికి వెళ్లండి.

మీ మేనత్త