ప్రశ్నలు - జవాబులు: బోరు నీళ్లు, సీసం

ప్రశ్న: మా బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి. మరగబెట్టి తాగితే సరిపోతుందా?
– ఒక గృహిణి, కొత్తపేట

జవాబు: సరిపోదమ్మా. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఫిజిక్సులో పీహెచ్‌డీ చేస్తోంది. సీసం లేని సిరామిక్స్, వాటి విద్యుత్ ధర్మాలట. ఇంత చదివి బిళ్లలు కాల్చడమేమిటని చుట్టాలు ఎత్తిపొడుస్తున్నారు. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, కొత్తపేట

జవాబు: ఈసారి వస్తే మీ వంటింటి గ్యాస్ లైటర్ వాళ్ల చేతిలో పెట్టండి. నొక్కగానే లోపలి చిన్న సుత్తి ఒక సిరామిక్ ముక్కను కొడుతుంది. ఆ దెబ్బకు వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ లేస్తుంది. గర్భిణులకు స్కానింగ్ చేసే ప్రోబులోనూ ఆ జాతి పదార్థమే ఉంటుంది. పేరు లెడ్ జిర్కొనేట్ టైటనేట్. దాని బరువులో 60 శాతానికి పైగా సీసమే. బట్టీలో కాల్చేటప్పుడు కొంత సీసం ఆవిరైపోతుంది. పాడై చెత్తలో పడ్డాక మిగతాది నేలలోకి దిగే ప్రమాదం ఉంది.

యూరప్ 2006 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని కట్టడి చేసింది. ఈ సిరామిక్స్‌కు మాత్రం మినహాయింపు ఇవ్వక తప్పలేదు, సాటి వచ్చేది లేదు మరి. 2004లో జపాన్‌లో సైతో బృందం సీసం లేని పొటాషియం సోడియం నియోబేటుతో చాలా దగ్గరకు వచ్చింది. కానీ కాల్చేటప్పుడు పొటాషియం, సోడియం ఎగిరిపోతాయి, బిళ్ల గట్టిగా తయారవదు. సీసం లేని మరో పదార్థం బిస్మత్ సోడియం టైటనేటులోనేమో కరెంటు లీకవుతుంది. ఏ వేడి దగ్గర ఎంత, ఎందుకు లీకవుతోందో తేల్చడం ఇలాంటి పరిశోధనలో పెద్ద భాగం. అది తేలందే సీసం మన వంటింట్లోంచి కదలదు.

మీరు అడక్కపోయినా ఇంకో మాట. లైటరులో సీసం కొంచెమే. పాత ఇన్వర్టర్ బ్యాటరీ పగలగొట్టి ఆ యాసిడ్ కాలువగట్టున పారబోస్తే పోయేది అంతకు ఎన్నో రెట్లు. గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల మధ్య మనకు కొద్ది లోతులోనే నీరు తగులుతుంది, పైన పోసిన విషానికి బావి ఎంతో దూరం కాదు. తాగే నీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని మన ఐఎస్ 10500 ప్రమాణం. పసిపిల్లలకు ఇంతవరకైతే ఫరవాలేదనే మోతాదే సీసానికి లేదు. దయచేసి బ్యాటరీ యాసిడ్ ఎవరూ అలా పారబోయకండి, పారబోస్తుంటే చూస్తూ ఊరుకోకండి.

సెలవులకు వచ్చేటప్పుడు అమ్మాయిని కండక్టివిటీ మీటరు తెమ్మనండి. బిళ్లలో కరెంటు కొలిచే పిల్లకు నీళ్లలో కొలవడం ఎంతసేపు? మైక్రోసీమెన్సుల్లో వచ్చిన అంకెను 0.64తో గుణిస్తే లీటరులో కరిగిన లవణాలు మిల్లీగ్రాముల్లో సుమారుగా తెలుస్తాయి. 500 లోపుంటే మేలు. వేరే దారి లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. కాలువలు కట్టేసిన వేసవిలో ఒకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి మీ వీధిలో బోర్లన్నీ కొలిచి నోటుబుక్కులో రాయించండి. ఈ మీటరు సీసాన్ని మాత్రం పట్టలేదు, దానికి ల్యాబే దిక్కు.

ప్రశ్న: బోరు ఇంకా లోతుకు దింపితే మంచినీళ్లు పడతాయంటున్నారు. దింపమంటారా?
– ఒక కొబ్బరి రైతు

జవాబు: వద్దండి. మన డెల్టాలో చాలా చోట్ల మంచినీరు పైన పలచగా ఉంటుంది, దాని కింద ఉప్పునీరు. లోతుకు దింపినా, పెద్ద మోటారు పెట్టి తోడినా ఆ ఉప్పే పైకొస్తుంది. పక్కవాళ్ల బోరు కూడా చెడుతుంది.

ప్రశ్న: మా నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయి. పరీక్ష అవసరమా?

జవాబు: అవసరమే. నైట్రేటు, సీసం నాలుకకు తెలియవు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు తీసుకెళ్లండి. మామూలు పరీక్షల్లో సీసం ఉండకపోవచ్చు, అది కూడా చూడమని నోరు తెరిచి అడగండి.