కోడెదూడతోఁ గవలగాఁ బుట్టిన పెయ్య

మొన్నటి సంతలో నొక సభ్యుఁడు మమ్ముఁ బిలిచి, తాను సంఘపు ఋణముతోఁ గొనఁదలఁచిన పెయ్యను జూపెను. బలముగా, నిగనిగలాడుచు నున్నది. అది కోడెదూడతోఁ గవలగాఁ బుట్టినదని యమ్మువాఁడే చెప్పెను. మేము కొనవలదంటిమి. అట్టి పెయ్యలలో నూటికి 90కిఁ బైగా గొడ్డుమోతులే. మూఁడేండ్లు గడ్డియుఁ దవుడును బెట్టిన పిమ్మటఁగాని యీ సంగతి రైతునకుఁ దెలియదు.

కారణ మిది. ఆవు చూలులోఁ గవలల మాయలు తఱచుగాఁ గలిసిపోవును, రక్తనాళములును గలియును. కోడెదూడ వృషణములలో ముందుగాఁ బుట్టు రసములు (వీనినే హార్మోనులందురు) పెయ్య రక్తములోఁ జొచ్చి, దాని గర్భాశయమును అండకోశములను జెఱచును. దీనిని 1916లో షికాగో విశ్వవిద్యాలయపు ఫ్రాంక్ లిల్లీ పండితుఁడు విశదపఱచెను.

ఈ రసముల పని గర్భాశయముతో నాగదు, మెదడునుగూడఁ దీర్చును. 1959లో అమెరికాదేశపు కాన్సాస్ విశ్వవిద్యాలయమున ఫీనిక్స్ మొదలగు నలుగురు పండితులు చూలి గినీపందులకు టెస్టోస్టిరానను మగరసము నిచ్చిరి. వానికిఁ బుట్టిన యాఁడుపిల్లలు పెద్దవై, మగవానివలెఁ దోడిజంతువులపై నెక్కఁజొచ్చెను. పెద్ద జంతువున కిచ్చిన రసము కొంతకాలమే పనిచేయును. గర్భములో సోఁకినది జీవితాంతము నిలుచును. పచ్చికుండపైఁ బడిన వ్రేలిముద్ర ఆవములోఁ గాల్చినను బోదుగదా!

గొఱ్ఱెచూలు సుమారు 147 దినములు. అందు 30వ దినము మొదలు 90వ దినము లోపల మగరసము సోఁకిన యాఁడుపిల్ల, పెరిగినపిదపఁ బొట్టేలివలె నిలిచి మూత్రము విడుచును. ఎలుకలలో నీ కాలము పుట్టిన కొన్నిదినములవఱకు సాగును. మఱియొక వింత: ఎలుకమెదడులోఁ జేరిన మగరసము అచ్చటనే యాఁడురసముగా మాఱి యీ పని చేయును.

మన యెద్దులయందును దీని జాడ గలదు. వృషణములు నొక్కించిన కోడె శాంతించునుగాని, గర్భములోఁ దీరిన మెదడు మాఱదు. ఎద్దొకప్పు డావుపై నెక్కినచో, నొక్కినవాఁడు సరిగా నొక్కలేదని ప్రతిసారి తిట్టుట న్యాయము కాదు.

కవలపెయ్య యింటఁ బుట్టినచోఁ బశువైద్యునకుఁ జూపవలెను. గొడ్డుపెయ్య యోని లోఁతు సహజమైనదానిలో సుమారు మూఁడవవంతే యుండును, కొలిచినఁ దెలియును. రక్తపరీక్షయుఁ గలదు. మేకలలో మాయల నాళములు కలియుట యరుదు గనుక నీ బెడద చాలఁ దక్కువ. కవల లిద్దఱును బెయ్యలే యైనచో నీ భయము లేదు, పెంపవచ్చును.