గాలిని కొలవాలా? తూచాలా?

మా నెల్లూరు జిల్లాలో వడ్ల బేరం ఇప్పటికీ పుట్టి లెక్కనే. ఒకప్పుడు కుంచాలతో కొలిచిన పుట్టి ఇప్పుడు 850 కిలోల తూకం అయింది. తాలు కలిసిన వడ్లూ, గట్టి వడ్లూ కుంచానికి ఒకటే. కాటా ఎక్కితేగాని తేడా తెలియదు. పెట్రోలు ఇంజనులోకి పోయే గాలి విషయంలోనూ సరిగ్గా ఇదే తగాదా.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటర్లు కాదు, కిలోలు. 20 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి 1.20 కిలోలు తూగితే, 45 డిగ్రీల వద్ద 1.11 కిలోలే. రోహిణి కార్తెలో మా బోగోలు ఎండకు గాలి కూడా తాలుగింజే అన్నమాట!

1970లలో వచ్చిన బాష్ పద్ధతిలో గాలిదారికి అడ్డంగా స్ప్రింగు బిగించిన రేకు తలుపు ఉండేది. గాలి దాన్ని ఎంత నెడితే, దాని ఇరుసుకున్న బ్రష్ కార్బన్ పట్టీ మీద అంత దూరం జరిగి విద్యుత్ సంకేతం ఇచ్చేది. 1980లలో అమెరికాలో అమ్మిన ఫోక్స్‌వాగన్ వ్యాన్లలో ఉన్నది ఇదే. దీనితో ఒక చిక్కు ఉంది. గాలి 8 శాతం తేలికైతే రేకు సుమారు 4 శాతం ఎక్కువ తూకం చూపుతుంది. అందుకే పక్కన ఉష్ణోగ్రత సెన్సార్ కూడా పెట్టారు. పైగా హైవే మీద ఒకే వేగంతో వెళ్లే బండిలో బ్రష్ ఒకేచోట రాసుకుని అక్కడ పట్టీ అరిగిపోతుంది.

తరువాత వచ్చింది వేడితీగ సెన్సార్. తీగను ఎప్పుడూ గాలికన్నా నిర్ణీతమైన ఎక్కువ వేడిలో ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందో చూస్తే గాలి ద్రవ్యరాశి తెలిసిపోతుంది. ఇది కాటా. అయితే 1914లో లూయీ కింగ్ చూపినట్టు, తీగ కోల్పోయే వేడి గాలి ప్రవాహపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. గాలి నాలుగింతలైనా వేడి రెండింతలకు మించదు. రేకు సంకేతానికి అలవాటుపడ్డ పాత కంప్యూటరుకు ఈ లెక్క అర్థం కాదు. అందుకే పాత వ్యాన్లకు వేడితీగ పెట్టుకునేవారు మధ్యలో ఒక సంకేత మార్పిడి పెట్టె కూడా పెడతారు.

అంతటితో అయిపోలేదు. పాత మీటర్లు కొన్నింటిలో పెట్రోలు పంపు స్విచ్చి కూడా ఆ రేకుకే ఉండేది. ఇంజను ఆగితే రేకు మూసుకుంటుంది, పంపూ ఆగుతుంది. మీటరు తీసేసి పంపుకు నేరుగా కరెంటు ఇచ్చారనుకోండి, బండి బోల్తాపడి ఇంజను ఆగినా పెట్రోలు చిమ్ముతూనే ఉండవచ్చు. బలం పెరుగుతుందన్న ఆశకన్నా ముందు దీన్ని చూసుకోవాలి.

ఇక మన ఊళ్ల సంగతి. 1984లో వచ్చి 2019లో తయారీ ఆగిపోయిన మారుతీ వ్యాను, అదే ఓమ్ని, మొదట్లో కార్బురేటర్ బండి. సెన్సార్ల మాటే లేదు. తరువాతి ఇంజెక్షన్ ఓమ్నిలో రేకూ లేదు, వేడితీగా లేదు. మానిఫోల్డ్ ఒత్తిడి, గాలి ఉష్ణోగ్రత, ఇంజను వేగం చూసి కంప్యూటరు గాలి బరువును లెక్కకడుతుంది. మన తరగతిలో చెప్పే ఆదర్శ వాయు సమీకరణమే!

కూరగాయలు కావలికి తోలే మా బాబాయి ఓమ్నికి "కొత్త గాలి సెన్సార్ వేస్తే మైలేజీ పెరుగుతుంది" అని ఒక షాపువాళ్లు బేరం పెట్టారు. విప్పి చూపించమన్నాను. లోపల ఉన్నది ఒక రెసిస్టర్, రెండు తీగలు, అంతే! గాలి ఉష్ణోగ్రత సెన్సార్ చల్లబడేకొద్దీ నిరోధం పెరిగే రకం. దానికి వరుసలో ఇంకో నిరోధం కలిపితే కంప్యూటరు మండుటెండలో చలిగాలి వస్తోందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ దాన్ని పసిగట్టి మళ్లీ తగ్గిస్తుంది. నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఆ సవరణ పనిచేయదు, పెట్రోలు వృథా. మైలేజీ పెరగడం ఎక్కడిది?

బాబాయి బండికి కావలసింది వేరే. ముందు ఎయిర్ ఫిల్టర్ దులిపి చూడాలి. తరువాత ఒత్తిడి సెన్సార్‌కు వెళ్లే సన్న రబ్బరు గొట్టం. అది చిట్లితే బయటి గాలి చేరి ఒత్తిడి ఎక్కువగా కనబడుతుంది, పెట్రోలు ఎక్కువ పోతుంది. చివరికి కనెక్టర్ల పచ్చచిలుము. సముద్రం పక్కనున్న మా ఊళ్లో అది తప్పదు. మొత్తం అరపూట పని. మెకానిక్కు కూలీ ఇచ్చినా ఆ రెసిస్టర్ డబ్బాకు అడిగిన ధరలో సగం కాదు.